ఎర్రదారం క్యాసెట్టు

తాండూరులో రైల్వే గేటు దాటి ధాన్యం అమ్మే గంజు వైపు వెళ్ళే దారిలో, ఎడమ చేతి పక్క మూడో సందులో, "నిసార్ రేడియో అండ్ రికార్డింగ్" అని ఒక రేకు బోర్డు ఉండేది. ఊరంతా దాన్ని నిసార్ రికార్డింగ్ అనే పిలిచేది. పిలుచుకోనివ్వండి. బోర్డు మీద పేరు రాయించుకున్నవాడు నిసారే, కాదని ఎవరన్నారు? కానీ ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన ప్రతి క్యాసెట్టూ గరగరలాడకుండా శుభ్రంగా వినిపించిందంటే, ఒకరి కబురు ఇంకొకరి చెవిన పడకుండా ఎవరిది వాళ్ళకు చేరిందంటే, అదంతా అతని భార్య రబియా చలవ. ఈ సంగతి నిసార్‌కూ తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే మెడ గోక్కుంటూ, "నాదేం లేదు భాయ్, అంత లోపలి ఆఫీసర్‌ది" అనేవాడు.

రబియాది వికారాబాదు. తండ్రి బాషా అక్కడి జంక్షన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చిన్నప్పుడు రోజూ మధ్యాహ్నం తండ్రికి టిఫిన్ డబ్బా తీసుకెళ్ళేది. ఆయన తినేదాకా పక్కనే కూర్చుని బండ్లు చూసేది. ఒంటి లైను మీద ఒకసారికి ఒక్కటే బండి. డ్రైవర్ చేతికి టోకెన్ గుండు అందనిదే బండి కదలదు. ఆ గుండు అవతలి స్టేషన్లో దించనిదే రెండో బండికి దారి లేదు. ఎంత పెద్ద ఆఫీసరు బండిలో కూర్చుని కేకలేసినా అంతే. "మనుషులకు ఎంత జల్దీ ఉన్నా సరే బిడ్డా, గుండుకు జల్దీ లేదు" అనేవాడు బాషా. ఆ మాట రబియా తలలో మేకు దిగినట్టు దిగిపోయింది. బడికి పోయింది ఐదేళ్ళే. మిగతా చదువంతా ఆ ప్లాట్‌ఫారం మీదే అయింది.

పెళ్ళి 1969లో జరిగింది. తెలంగాణ ఉద్యమం ఏడాది అది. ఏ రోజు ఏ బండి ఆగిపోతుందో చెప్పలేని రోజులు. పాయింట్స్‌మన్ కూతురు, పుట్టినప్పటి నుంచీ రైలు కూత వింటూ పెరిగిన పిల్ల, అత్తగారింటికి నాపరాళ్ళ లారీలో వచ్చింది. డ్రైవర్ పక్కన కూర్చుని దారంతా ముక్కు ఎగబీల్చింది. అది పుట్టిల్లు వదిలిన దుఃఖమని అందరూ అనుకున్నారు. లారీ డ్రైవర్ రెండు మలుపుల దగ్గర హారన్ కొట్టలేదని తనకు మండిపోయిందని ఆమె తర్వాత చెప్పింది. అలాంటి మనిషి.

నిసార్ రేడియోలు బాగుచేసేవాడు. చేయి మంచిది, పద్ధతి సున్నా. ఒక రేడియో విప్పితే దాని మరలు ఇంకో రేడియో పెట్టెలో దొరికేవి. రబియా కుట్టుపని చేసుకుంటూ, అత్తమామల్ని చూసుకుంటూ, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకుంటూ పదేళ్ళు ఈ గత్తర చూసి ఊరుకుంది. 1979లో నిసార్ చిన్నాన్న కొడుకు గల్ఫ్ నుంచి ఒక టేప్ రికార్డరూ, ఒక మైకూ తెచ్చి ఇచ్చాడు. నిసార్ పాతది ఇంకొకటి సంపాదించి, రెండింటినీ వైరుతో కలిపి, ఒక క్యాసెట్టు నుంచి ఇంకో క్యాసెట్టుకు ఎక్కించడం నేర్చుకున్నాడు. అంతే, జనం మొదలయ్యారు. దుబాయిలో ఉన్న భర్తకు కబురు చెప్పే వాళ్ళు, పెళ్ళి పాటలు దాచుకునే వాళ్ళు, అనంతగిరి జాతరకు భజన క్యాసెట్టు కావాలనే వాళ్ళు. నిసార్ అందరికీ సరేననేవాడు. పనిలోపనిగా రేడియోలు కూడా బాగుచేసేవాడు.

తప్పు జరగకుండా ఎలా ఉంటుంది? బంట్వారం నుంచి షమ్సున్నీసా అనే ఆమె వచ్చి దుబాయిలో ఉన్న భర్తకు కబురు చెప్పుకుంది. "చిన్నోనికి జరం మస్తుగున్నది, నిన్న డాక్టర్ దగ్గరికి తీస్కపోతే ఆయన ఏమన్నడంటే" అన్న దగ్గర నిసార్ అదే క్యాసెట్టు మీద మర్నాడు భజన ఎక్కించేశాడు. అన్నీ ఒకే రంగు, ఒకే డబ్బా, ఏది ఎవరిదో అతనికేం తెలుసు? డాక్టర్ ఏమన్నాడో వినబోయిన ఆ తండ్రికి అక్కడ తాళాలు, మద్దెల వినిపించాయి. ఆ మనిషి మూడు రోజులు అన్నం ముట్టకుండా టెలిగ్రాం మీద టెలిగ్రాం కొట్టాడు. పిల్లవాడు అప్పటికే లేచి వీధిలో గోలీలాడుతున్నాడు. షమ్సున్నీసా వచ్చి ఏమీ తిట్టలేదు, గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. రబియా మిషన్ మీద గుడ్డ కుడుతున్నది కాస్తా ఆపి లేచింది.

"రేపట్నుంచి మీరు మిషన్లు సూసుకోండి. క్యాసెట్ల జోలికి రావొద్దు" అంది మొగుడితో.

ఆ ఇంట్లో పద్ధతి అనేది పుట్టిన రోజు అది.

మొదట గది. వెనక పక్క కందుల బస్తాలు వేసుకునే చిన్న గది ఒకటుండేది. ఊరిలో అన్ని ఇళ్ళలాగే దానికీ కింద నాపరాయే, గోడలూ నాపరాయే. అందులో నిలబడి తుమ్మితే ఆ తుమ్ము నాలుగుసార్లు తిరిగొచ్చేది. నిసార్ ఇదెక్కడి గదని మూతి విరిచాడు. రబియా నాలుగు గోడలకూ గోనె సంచులు వేలాడదీసి, వాటి మీద పాత బొంతలు కుట్టింది. కింద జంపఖానా పరిచింది. కిటికీలో పరుపు ముక్క కుక్కింది. కందుల బస్తాలను తీసేయకుండా తలుపుకెదురుగా అట్లాగే నిలబెట్టింది. తర్వాత లోపలికెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టి చూసుకుంది. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. "గిప్పుడు మాట్లాడండి" అని నవ్వింది.

గది మెత్తబడినా ఊరు మెత్తబడాలి కదా. పగలంతా బండలు కోసే మిషన్ల రొద, పాలిష్ మిషన్ల గోల. ఇక్కడే రబియా తెలివి చూడాలి. ఎండాకాలం రోజూ కరెంటు రెండు గంటలు పోయేది. ఊరంతా విసనకర్రలు పట్టుకుని గవర్నమెంటును తిట్టుకుంటుంటే ఆమె చెవులకు వేరే సంగతి తట్టింది. కరెంటు పోయిందంటే మిషన్లన్నీ బంద్. ఊరు అప్పుడే కడిగినట్టుంటుంది. టేప్ రికార్డర్‌కు సెల్లులు వేస్తే కరెంటుతో పనేముంది? అప్పటి నుంచి కరెంటు లేనప్పుడు మాట పట్టడం, కరెంటు ఉన్నప్పుడు కాపీ ఎక్కించడం. ఊరికి పరేషాన్, రబియాకు పండుగ. రైళ్ళ వేళలు ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. బండి ఇంకా ఊరి పొలిమేరకు రాకముందే "ఆగు, వస్తున్నది" అని మైకు మీద చేయి అడ్డం పెట్టేది. అరనిమిషానికి బండి కూత వినిపించేది. వచ్చినవాళ్ళు గుడ్లప్పగించి చూసేవాళ్ళు.

పాడుతున్నంత సేపూ గది తలుపుకు ఎర్రగుడ్డ వేలాడేది. అది ఉన్నప్పుడు ఎవరూ తలుపు తట్టకూడదు, పిలవకూడదు. ఒకసారి అత్తగారు కాళ్ళనొప్పి మందు కోసం పిలిస్తే కూడా రబియా పలకలేదు. మందు తర్వాత ఇచ్చింది, తిట్లూ తిన్నది, ఎర్రగుడ్డ మాత్రం దింపలేదు. ఒక్క క్యాసెట్టు పని పూర్తయ్యేదాకా రెండోది బల్ల మీదికి వచ్చేది కాదు. పట్టిన మాట చివరిదాకా విని, బాగుందంటే క్యాసెట్టు వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కను కత్తెర మొనతో విరిచేసేది. దాంతో దాని మీద ఇంకేదీ ఎక్కదు. విరిచిన దానికి ఎర్రదారం చుట్టి ట్రంకు పెట్టెలో వేసేది. అది అసలు. దాని నుంచి ఎక్కించిన కాపీకి పచ్చదారం. పచ్చది బయటికి పోతుంది, ఎర్రది గడప దాటదు. ఎవరు ఎంత బతిమాలినా దాటదు.

ఇక గాజులు. ఆడవాళ్ళు మైకు ముందు కూర్చుంటే మాటకంటే ముందు గాజులు మాట్లాడేవి. మొదట్లో నిసార్ ఒక కొత్తకోడలిని "జర గాజులు తీసి పక్కన పెట్టమ్మా" అన్నాడు. ఇంకేముంది, వెంట వచ్చిన అత్త లేచి నిలబడింది. "మొగుడు బతికుండంగ గాజులు తీయమంటవా, నీ నోట్ల మన్నువడ" అని కోడలి చేయి పట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. రబియా ఆ పూటే మఖ్మల్ గుడ్డ ముక్కలు ఏరి, లోపల దూది పెట్టి, మోచేతిదాకా వచ్చే తొడుగులు కుట్టింది. దిండుకు గలీబు తొడిగినట్టు చేతికి తొడగడమే. గాజులు చేతికే ఉంటాయి, చప్పుడు చేయవు. వాటిని అందరూ గాజుల గలీబులు అనేవారు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ రబియా తన చేత్తో తొడిగేది, వదినకు గోరింటాకు పెట్టినంత మర్యాదగా.

ఇంత పద్ధతిగా ఉన్న ఇంటికి రోజూ పొద్దున్నే పాలు పోసేది భాగమ్మ. లైను అవతలి పక్క ఇల్లు. రబియా కాపురానికి వచ్చిన మర్నాడే మొదలైన వాడుక. తలుపు ముందు నిలబడి, "రబియమ్మా, గిన్నె తే" అనేది. పెద్ద గొంతు. ఆ మాట పడంగానే రబియా చేతిలో ఏ పనున్నా వదిలి గిన్నెతో వచ్చేది. పద్నాలుగేళ్ళలో ఆ మాట మారలేదు, ఆ గిన్నె మారలేదు. నిసార్ అలారం గడియారం కొననేలేదు.

1983 చలికాలంలో ఆ గొంతు బొంగురు పోయింది. పడిశం అనుకున్నారు. ఎండలు ముదిరేసరికి మాట గరగరలాడుతూ వచ్చేది. పాట అందుకుంటే మాత్రం ఇంకా పాత భాగమ్మ వినపడేది. భర్త హనుమంతు పట్నం తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించాడు. గొంతులో గడ్డ అన్నారు. తీయకపోతే ప్రాణం పోతుంది, తీస్తే మాట పోతుంది. సోమవారం మంచం ఇస్తామని, ఆ రోజు రాకపోతే మళ్ళీ ఎప్పటికో, అప్పటికి చేయి దాటిపోతుందని చెప్పి పంపారు.

భాగమ్మ ఆ గురువారం పాలు పోస్తూ ఈ ముక్క మామూలుగా చెప్పింది. చివర్న, "నేను పోత లేను" అంది.

రబియా గిన్నె కింద పెట్టేసింది. "పిచ్చిలేసిందా అక్కా నీకు?"

"పిచ్చేం లేదు. సుక్కి ఉన్నది గద."

సుక్కి అంటే నుదుట తెల్లచుక్క ఉన్న ఆమె బర్రె. ఈనిన పదో రోజే దాని దుడ్డె చచ్చిపోయింది. బర్రె చేపాలంటే, పొదుగులోకి పాలు దిగాలంటే, దూడ మూతి తగలాలి. దూడ లేకపోతే చాలా బర్రెలు తన్నేసి ఊరుకుంటాయి. సుక్కి కూడా రెండు రోజులు అట్లాగే తన్నింది. మూడో రోజు భాగమ్మ దాని పక్కన కూర్చుని ఏడుస్తూ, ఏడుపులోనే పాటెత్తుకుంది. సుక్కి చేపింది. అప్పటి నుంచి ఆ గొంతు వింటేనే పాలు. హనుమంతు కూర్చుంటే చుక్క రాలదు. ఇంకెవరూ దాన్ని కొనరు. రెండేళ్ళ కింద బండ జారి అతని కుడిచేయి నలిగింది, గనిలో పనికి పోలేడు. ఆ ఇంటికి పొయ్యి వెలిగేది సుక్కి వల్లే.

"మాట పోయినంక అది చేపదు. అది చేపకపోతే మేం తినేదేంది? మాట లేకుండ, పాలు లేకుండ, ఉత్త పాణం తెచ్చుకోని ఏం జేసుకుంట?" అంది భాగమ్మ.

రబియాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగాయి గానీ ఆమె వాటిని ఎక్కువసేపు తిరగనిచ్చే మనిషి కాదు. "పదకొండు గంటలకు కరెంటు పోతది. అప్పటికి మా ఇంటికి రా. నీ గొంతు నేను పెట్టెల పెట్టిస్త. అది చేపితే పోతవా, పోవా?" అంది.

భాగమ్మ పాలబిందె ఎత్తుకుంది. "చేపితే పోత" అంది.

ఆ రోజు రికార్డింగ్‌కు రబియా పెట్టినంత శ్రద్ధ ఎవరికీ పెట్టలేదు. కొత్త సెల్లులు వేసింది. మైకుకు గుడ్డ చుట్టింది. భాగమ్మ చేతులకు గలీబులు తొడిగి, కాళ్ళ కడియాలకు కూడా గుడ్డ కట్టింది. భాగమ్మ కందుల బస్తాకు ఆనుకుని, కళ్ళు మూసుకుని పాడింది. "చేపవే సుక్కీ, చేపు నా తల్లీ, కందిపొట్టు నీకు, కడుపు నిండ నీళ్ళు నీకు." గరగరలు కూడా తేనెలో కలిసినట్టు కలిసిపోయాయి. దగ్గు లేదు, బండి లేదు, ఈగ లేదు. నిసార్ విని, ఈ మిషన్ మీద ఇంత శుభ్రమైన మాట ఇంతవరకు పట్టలేదన్నాడు.

రబియాకు ఒక అలవాటుంది. కాపీ చేతికిచ్చే ముందు, అది ఎక్కడ వింటారో అక్కడ ఒకసారి వినిపించి చూడాలి. దుబాయికి పోలేదు గానీ లైను అవతలికి పోగలదు కదా. శుక్రవారం సాయంత్రం నిసార్ ఒక పాత టేప్ రికార్డర్ బాగుచేసి ఇస్తే, దాన్ని పట్టుకుని పాకలోకి వెళ్ళింది. హనుమంతు భార్య చీర భుజాల మీద కప్పుకుని, వాసన కోసం, బకెట్టుతో కూర్చున్నాడు. భాగమ్మ గోడ చాటున నిలబడింది. రబియా మీట నొక్కింది. పాట మొదలైంది.

సుక్కి చెవులు నిలబెట్టింది. తల తిప్పి ఆ పెట్టె వైపు చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత వెనకకాలు లేపి బకెట్టును అవతలికి తన్నింది. హనుమంతు చీరతో సహా వెల్లకిలా పడ్డాడు. క్యాసెట్టు మళ్ళీ వేశారు, మళ్ళీ తన్నింది. మూడోసారి వేసే ధైర్యం ఎవరికీ లేదు. భాగమ్మ గోడ చాటు నుంచి వచ్చి, బకెట్టు తీసి, మాట్లాడకుండా తనే కూర్చుంది. సుక్కి చేపింది.

"సూసినవు గద రబియమ్మా. ఇంగ ఆ ముచ్చట తియ్యకు" అంది.

ఇంటికి వచ్చిన రబియా అన్నం తినలేదు. తన చేతి పని ఇట్లా తప్పడం ఆమెకు కొత్త. పైగా తప్పినది ఒక పాట కాదు, ఒక మనిషి. ఆ శుభ్రమైన క్యాసెట్టును మళ్ళీ మళ్ళీ విన్నది. ఎక్కడా మచ్చ లేదు. మచ్చ లేకపోవడమే ఆమెకు అర్థం కాలేదు.

శనివారం పొద్దున పాలు పిండే వేళకు మళ్ళీ పాకకు వెళ్ళింది. "నువ్వు రోజూ పిండినట్టే పిండు అక్కా. నేను లేననుకో" అని గడ్డిమోపు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళుగా ఆమె చెవులు ఒక్క పనికే అలవాటు పడ్డాయి. ఏ చప్పుడును తీసేయాలా అని వెతకడమే ఆ పని. ఆ పూట మొదటిసారి ఏదీ తీసేయకుండా విన్నది.

ముందు వచ్చింది పాట కాదు. బకెట్టు కింద పెడితే ఇనప పిడి జారి టంగుమంది. పొదుగు మీద నీళ్ళు చల్లుతుంటే గాజులు గలగల, గలగల, ఒక లెక్కలో. సుక్కి ఊపిరి బరువుగా విడిచింది. "ఓ మొద్దు మనిషీ, పొట్టు తెస్తవా, నిద్రవోయినవా" అని హనుమంతుకు ఒక తిట్టు. మళ్ళీ గాజులు. ఆ తర్వాత గానీ పాట రాలేదు. పాట వచ్చేసరికి సుక్కి సగం చేపేసింది.

రబియా కళ్ళు తెరిచింది. "అక్కా, గాజులు నేనే కట్టేసిన. తప్పు నీ గొంతుది కాదు, నాది" అంది.

ఇంట్లో చెబితే నిసార్ నమ్మలేదు. పాకలో రికార్డింగా? ఈగలు, దోమలు, పక్కింటి కోళ్ళు, పైగా సాయంత్రం బొంబాయి బండి సరిగ్గా ఆ వేళకే పోతుంది. "నువ్వు పెట్టిన రూల్సేగా అన్నీ" అన్నాడు.

"మనుషుల కోసం పెట్టిన. సుక్కి మనిషా?" అంది రబియా.

ఆ రికార్డింగ్ మిషన్ ఇల్లు దాటడం అదే మొదలు. శనివారం సాయంత్రం పాకలో, గడ్డిమోపు మీద, సుక్కి చెవికి ఎంత దూరంలో భాగమ్మ నోరు ఉంటుందో అంత దూరంలో మైకు పెట్టింది. గలీబులు లేవు, ఎర్రగుడ్డ లేదు. బకెట్టు పిడి టంగుమంది, గాజులు మోగాయి, హనుమంతు తిట్టు తిన్నాడు, పాట నడిచింది, బొంబాయి బండి దాని దారిన అది పోయింది. రబియా చేయి అడ్డం పెట్టలేదు. ఖాళీ బకెట్టు అడుగున మొదటి ధార పడిన చప్పుడు నుంచి నురుగులో కలిసిపోయేదాకా అంతా పట్టింది. ఇంటికి వెళ్ళి కాపీ ఎక్కించింది. పచ్చదారం చుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం పట్నం బండి. పొద్దున పాకలో ఇదే ఆఖరి పరీక్ష. హనుమంతు మళ్ళీ చీర కప్పుకుని, ఈసారి బకెట్టుకు కొంచెం ఎడంగా, కూర్చున్నాడు. భాగమ్మ గోడ చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. రబియా మీట నొక్కింది. టంగుమంది. గాజులు మోగాయి. సుక్కి చెవులు తిప్పింది. కాలు కదిపింది. "ఓ మొద్దు మనిషీ" అని పెట్టె తిట్టింది. సుక్కి బరువుగా ఊపిరి విడిచి, కాలు ఉన్నచోటే పెట్టుకుంది. హనుమంతు ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి సన్నటి ధార బకెట్టు అడుగున పడింది.

గోడ చాటున భాగమ్మ కింద కూలబడి ఏడ్చింది. పాత టేప్ రికార్డర్‌నూ, పచ్చదారం క్యాసెట్టునూ, సుక్కినీ హనుమంతుకు వదిలి ఆ మధ్యాహ్నం బండెక్కింది.

నెలన్నర తర్వాత తిరిగొచ్చింది. మెడకు తెల్లగుడ్డ, గుడ్డ కింద చిన్న రంధ్రం, మాట లేదు. బతికింది, అంతకంటే ఏం కావాలి? పొద్దున్నే పాలు తెచ్చేది. తలుపు ముందు నిలబడి చేయి ఊపి గాజులు మోగించేది. రబియా గిన్నెతో వచ్చేది. హనుమంతు మాత్రం, "ఆపరేషన్ అయినా తిట్లు బందు కాలే. పెట్టెతోని దినాం రెండుసార్లు తింటున్న" అని ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు సాయంత్రం రబియా గదిలో మనోరమ టీచర్ బడిపిల్లల కోసం పాఠం చదువుతోంది. తలుపుకు ఎర్రగుడ్డ వేలాడుతోంది. కరెంటు లేదు, ఊరు సద్దుమణిగి ఉంది. అప్పుడు బయట గాజులు మోగాయి. అది పాలు పోసే వేళ కాదు. నిసార్ కంగారుగా పెళ్ళాం ముఖం చూశాడు. అత్తగారికే పలకని మనిషి. రబియా మీట నొక్కి మిషన్ ఆపేసింది. "మాఫ్ చెయ్యండి టీచరమ్మా, మల్ల చదువుదురు గని" అని లేచి తలుపు తీసింది.

భాగమ్మ ఒక చేతిలో చిన్న చెంబు, ఇంకో చేతిలో క్యాసెట్టు. టేపంతా బయటికొచ్చి చిక్కుపడి, పేగులు తీసినట్టు వేలాడుతోంది. మిషన్ నమిలేసింది. పాట సగంలో ఆగేసరికి సుక్కి కూడా సగంలో ఆగిపోయింది. ఏడ్చి ఏడ్చి భాగమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తన గొంతు ఇంకోసారి పోయిందనుకుంది పాపం. చెప్పుకోవడానికి నోరు కూడా లేదు.

"ఫికర్ చెయ్యకు అక్కా. ఇది కాపీ. నీ గొంతు నా దగ్గరుంది" అంది రబియా.

ట్రంకు పెట్టె తెరిచి, ఎర్రదారం విప్పి, అసలు క్యాసెట్టును మిషన్లో పెట్టింది. కరెంటు వచ్చాక కాపీ ఎక్కించాలి, ముందు బాగుందో లేదో వినాలి. ఆ మెత్తటి గదిలో, బొంతల మధ్య, బకెట్టు టంగుమంది. గాజులు మోగాయి. తిట్టు వచ్చింది, మనోరమ టీచర్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పాట వచ్చింది, బొంబాయి బండి వచ్చి పోయింది, పాలు నురుగెత్తాయి. కాపీ అక్కడిదాకే. రబియా ఎప్పుడూ కాపీని పని అయిన చోట కత్తిరించేది. అసలు మాత్రం ఆగలేదు. బకెట్టు ఎత్తిన చప్పుడు, నాలుగు అడుగులు, ఆ తర్వాత ఆ రోజు పాకలో మిషన్ ఆపడం మరిచిపోయి నిలబడిన రబియాను ఆట పట్టిస్తూ భాగమ్మ గొంతు, ఆ గరగరతోనే నిండుగా, పక్కనే:

"రబియమ్మా, గిన్నె తే."

రబియా దిగ్గున లేచింది. వంటింటి వైపు రెండడుగులు వేసింది కూడా. అప్పుడు గుర్తొచ్చి ఆగి వెనక్కి తిరిగింది. భాగమ్మ ఆమెనే చూస్తోంది. భాగమ్మ భుజాలు కదిలాయి, మెడ మీద తెల్లగుడ్డ కదిలింది, చేతులు కదిలి గాజులు గలగలమన్నాయి. చప్పుడు లేకుండా పగలబడి నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. రబియా కూడా నవ్వింది, ఏడ్చింది, దేన్నీ దాచుకోలేదు.

తర్వాత నిజంగానే వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చింది. ఆ పూట వచ్చిన సగం పాలను భాగమ్మ తన చెంబులోంచి అందులో పోసింది.